పిలిస్తేనే తినే తిండి

చాచా పోయాడని తెల్లవారుతూనే చాచీ గోడ అవతల నుంచి నన్ను కేకేసి చెప్పింది. మగవాళ్లు మట్టిచ్చి తిరిగొచ్చేసరికి ఆయన ఫొటో ఫోన్లలో తిరుగుతోంది. "పాలమూరు ఫుడ్ గైడ్ చాచా ఇక లేరు" అని రాసి, దండ బొమ్మ పెట్టి, దాని కిందే ఒక హైవే హోటల్ ప్రకటన తగిలించారు. నాకు ఒళ్లు మండిపోయింది. గైడేమిటి? గద్వాలలో మా పక్కింటి మనిషి ఆయన. కిరాయి కారు నడుపుకొనేవాడు. ఆ ఫొటో పెట్టిన పెద్దమనిషి ఇది చదివినా సిగ్గుపడతాడన్న ఆశ నాకు లేదు. మీకైనా చాచా ఎలాంటివాడో తెలియాలి.

మాది మగ్గాల ఇల్లు. చీరలు కొనడానికి హైదరాబాదు నుంచి వచ్చేవాళ్లను తీసుకొచ్చేదీ, తిరిగి దిగబెట్టేదీ చాచానే. వనపర్తికో నాగర్‌కర్నూలుకో చీరలు చేర్చాల్సి వస్తే నేనూ ముందు సీట్లో కూర్చునేదాన్ని. బేరం తెగి కారెక్కగానే వాళ్లు అడిగేది ఒకటే, ఇక్కడి అసలైన తిండి ఎక్కడ దొరుకుతుందని. కొత్తకోట దగ్గర హైవే మీద పల్లె పేరు పెట్టుకున్న హోటళ్లకేం తక్కువ లేదు. గుమ్మంలో ఎడ్లబండి చక్రం, లోపల పొద్దున కాల్చి మళ్లీ వేడిచేసిన జొన్నరొట్టె, దాని పక్కన పన్నీరు కూర. చాచా అక్కడ కారు నెమ్మది కూడా చేసేవాడు కాదు. "బండి చక్రం తింటరా సార్?" అనేవాడు.

అక్కడి నుంచి వనపర్తి మీదుగా తిమ్మాజిపేట వైపు మళ్లించేవాడు. మధ్యాహ్నం కూలీలు పని ఆపి సద్ది విప్పే వేళకు ఏదో ఒక చేను పక్కన కారాపి, గట్టు మీదికెక్కి నిలబడేవాడు. చేతిలో చాచీ కట్టిచ్చిన డబ్బా తప్పకుండా ఉండేది. మొదటిసారి వెళ్లినప్పుడు "అడుగుదామా చాచా?" అన్నందుకు నా మీద కోప్పడ్డాడు.

"అడుగుడేంది బేటా? ఇదేమన్న హోటలా? తినేటోళ్లు తొవ్వల పోయేటోన్ని పిలుస్తరు. పిలిస్తే పోతం. లేకుంటే మన డబ్బా మనం తింటం."

పిలిచేవాళ్లు. మా వైపు చేలో తినడానికి కూర్చున్నవాళ్లు, దారిన పోయే మనిషి కనబడితే పిలవకుండా ముద్ద ఎత్తరు. "ఓ అన్నా, సద్ది తిందురు రాండ్రి!" అని కేక వినబడగానే చాచా ముఖం వికసించేది. చేతులు కడుక్కొని వాళ్లు కూర్చున్న చెట్టు కిందికి వెళ్లి, డబ్బా మూత తీసి అందరి మధ్యలో పెట్టేవాడు. వాళ్ల జొన్నరొట్టె, పుంటికూర, పచ్చిమిర్చి తొక్కు మాకు. చాచీ చేసిన ఖిచిడీ వాళ్లకు. మమ్మల్ని తరచూ పిలిచే ఒక గుంపులో అందరికంటే పెద్దామె ఖిచిడీ రుచి చూసి, "భాయ్, మీ ఇంటామెకు మిరపకాయలంటే గింత పిసినారితనమేంది?" అని ఆటపట్టించేది. చాచా పడీపడీ నవ్వేవాడు. ఎన్ని పెళ్లి భోజనాలు చేశానో, ఆ చెట్టు కింది తిండికి ఒక్కటీ సరిరాలేదు.

పోయినేడాది తన చెల్లెలి పెళ్లి చీరల కోసం ఒకాయన వచ్చాడు. తిండి వీడియోలు తీస్తాడట. చాచా ఫొటోకు దండ బొమ్మ పెట్టిన పెద్దమనిషి ఈయనే. "ఫోన్ జేబుల పెట్టుకో సార్, వాళ్లు తింటుండ్రు" అని పెద్దామె వాళ్ల చేను దగ్గర కారాపి చాచా ముందే చెప్పాడు. ఆయన బుద్ధిగా తలూపాడు. వాళ్ల రొట్టె చేతిలోకి వచ్చాక ఫోన్ తీశాడు. పెద్దామె ముద్ద నోట్లో పెట్టుకోవడం, సొట్టపడ్డ గిన్నె, చంకలో చిరిగిన రవిక, ఏదీ వదల్లేదు. దానికి "పేదోళ్ల ఫైవ్‌స్టార్ భోజనం" అని పేరు పెట్టి, చాచాను ఫుడ్ గైడని చెప్పి లోకం మీదికి వదిలాడు. ఎవరయ్యా పేదోళ్లు? ముక్కూమొహం తెలియని నీకు తమ సద్దిలో సగం పెట్టినవాళ్లా, తిన్న చేయి కడుక్కోకముందే వాళ్లను బజారుకీడ్చిన నువ్వా?

ఆ వీడియో పెద్దామె కూతురు చదివే కాలేజీలో తిరిగింది. ఆ పిల్ల కొన్నాళ్లు ఇల్లు కదల్లేదు. ఇక కార్లు రావడం మొదలైంది. మిరప మొక్కలు తొక్కుకుంటూ చేలోకి దిగి "ఆంటీ, ప్లేటెంత?" అని అడిగేవాళ్లు. చాచా ఆ మనిషికి ఫోన్ చేసి, వీడియో తీసెయ్యమని బతిమాలాడు. "మీకూ పేరొచ్చింది కదా చాచా, హ్యాపీగా ఉండండి" అని అతగాడు ఫోన్ పెట్టేశాడు. పేరట!

మరునాడు చాచా డబ్బా పట్టుకొని నన్నూ వెంటబెట్టుకొని ఆ చేనుకు వెళ్లాడు. ఎప్పట్లాగే గట్టు మీద నిలబడ్డాం. వాళ్లు చూశారు, ఎవరూ పిలవలేదు. చాలాసేపటికి పెద్దామె లేచి మా దగ్గరికి వచ్చింది.

"మాఫ్ చెయ్యి అక్కా. వాన్ని తోల్కొచ్చింది నేనే," అన్నాడు చాచా.

"నిన్నేమంటలేను భాయ్. కాని ఇగ పిలుసుడు బంద్ వెట్టినం. పిలిస్తే ఎవడు తీస్కపోయి యాడ చూపెడ్తడో తెల్వదు. నా బిడ్డ నాతోని మాట్లాడ్తలేదు." కళ్లు తుడుచుకొని, "నువ్వు మా మనిషివి, జర తినిపో" అని ఆయన చేయి పట్టుకుంది.

"నేనొక్కన్ని తింటే అయితదా అక్కా? తొవ్వ పొంటి పోయేటోళ్లందర్ని పిలుస్తుంటిరి. గా పిలుపు పోగొట్టిన నేను," అన్నాడు. డబ్బా మూత తీయకుండానే ఇంటికి తెచ్చుకున్నాడు.

అప్పటి నుంచి ప్రయాణికులు ఎవరడిగినా "నాకేం తెల్వదు సార్" అని, వాళ్లను హైవే హోటల్ ముందు దించి, తాను కారులోనే తినేవాడు. గుండె జబ్బు ముదిరి దవాఖాన నుంచి ఇంటికి తెచ్చాక కూడా ఆయనకదే ధ్యాస. "వానలు పడ్డంక ఒకసారి పోదాం బేటా. గట్టు మీద నిలవడ్తం. పిలుస్తరేమో," అనేవాడు. వానలు పడ్డాయి. చాచా మంచం దిగలేదు. ఒకరి తిండి దగ్గరికి చొరబడకుండా పిలిచేదాకా ఆగాలని నాకు నేర్పిన మనిషి, ఆ ఒక్క కేక మళ్లీ వినకుండానే పోయాడు.

మొన్న నాగర్‌కర్నూలుకు చీరలు తీసుకొని వేరే కిరాయి కారులో ఆ దారినే వెళ్లాను. మధ్యాహ్నమైంది. అదే గుంపు, వాళ్లలో పెద్దామె. కారు ఆపించాను. దిగితే గుర్తుపట్టి పిలిచేవాళ్లే, చాచాను తలుచుకొని ఏడ్చేవాళ్లు కూడా. కానీ తెలిసిన మొహమని పిలిస్తే తినేటట్టయితే, ఆ రోజు ఆయన డబ్బా మూత తీయకుండా ఎందుకు తిరిగొచ్చినట్టు? దారిన పోయేవాళ్లను మళ్లీ పిలుస్తారేమోనని అద్దం దించకుండా కూర్చున్నాను. కారును చూసి ఒకామె కొంగు లాగి గిన్నె మీద కప్పుకుంది. ఆమెను చూసి ఇంకొకామె. పెద్దామె రోడ్డుకు వీపు తిప్పి కూర్చుంది. పోదామని డ్రైవర్‌తో అన్నాను. వెనక అద్దంలోంచి చూస్తూనే ఉన్నాను. మేము మలుపు తిరిగేదాకా ఒక్క చేయి కూడా నోటి దగ్గరికి వెళ్లలేదు.