సగం ధరకు దీవి

అనంతపురం జిల్లాలో దీవి కొన్న మొనగాణ్ణి నేను. నవ్వకండి. నాలుగెకరాల తిప్ప, చుట్టూ నీళ్ళు, మధ్యలో ఒక రాతి కొట్టం, పదకొండు తుమ్మచెట్లు. అమ్మినాయన చెప్పిన ధరలో సగానికి లాగాను. మూడు తరాలుగా మావాళ్ళు రాయదుర్గంలో అంగడి పెట్టుకుని పప్పులూ బెల్లమూ అమ్మారు. కొబ్బరికాయ దగ్గర రూపాయి కోసం అరగంట నిలబడగలిగిన వంశం మాది. అయినా సగానికి సగం కోసిన బేరం మా ఇంట్లో అంతకు ముందు ఎవరూ చేయలేదు. ఆ రోజు తిరిగి వస్తూ స్కూటరు మీద పాడుకున్నాను కూడా.

బేరంలో ఒక్క చిన్న సంగతి మరిచాను. నీళ్ళు ఆ ధరలో కలిసి ఉన్నాయా అని అడగలేదు.

గుమ్మఘట్ట వైపు డ్యాం చాలా ఏళ్ళ తర్వాత నిండిన సంవత్సరం అది. తిరునాళ్ళకు పోయినట్టు మా వైపు జనం నీళ్ళు చూడడానికి పోతారు, చిత్రాన్నం కట్టుకుని మరీ. మేమూ పోయాం. కట్ట మీద ఎవరో చేపలు వేయించి అమ్ముతున్నారు. ఇక్కడ ఒక మాట ఒప్పుకోవాలి. మా ఇంట్లోకి కోడిగుడ్డు కూడా గడప దాటి రాదు. నేను మాత్రం పదహారో ఏట సరుకు కోసం బళ్ళారి పోయినప్పుడు ఒక చేప ముక్క తిన్నాను. అప్పటి నుంచి ముప్పై ఆరేళ్ళు సరుకు నెపంతో నెలకోసారి తింటూ, సోంపు నమిలి ఇంటికి వచ్చేవాణ్ణి. నా భార్యకు పెళ్ళయిన రెండో నెలలోనే తెలిసిపోయిందట. ఎట్లా తెలిసిందని అడిగితే, అంగడిలో సోంపు తరుగు చూసి కనిపెట్టానంది.

ఆ మధ్య ఫోన్లో ఒక దొర వీడియోలు చూడడం అలవాటయింది. ఎక్కడో దీవిలో ఒంటరిగా ఉంటాడు. పొద్దున గాలం వేస్తాడు, మధ్యాహ్నం కాల్చుకుని తింటాడు, సాయంత్రం ఏదో పిట్టను వేటాడి తెచ్చుకుంటాడు. గల్లాపెట్టె వెనక కూర్చుని శనగపిండి పొట్లాలు కడుతూ నేను అవన్నీ చూసేవాణ్ణి. కట్ట మీద నిలబడి ఆ తిప్పను చూసినప్పుడు, ఆ దొరకూ నాకూ మధ్య ఉన్న తేడా ఒక్క రిజిస్ట్రేషనే అనిపించింది. అంగడి తమ్ముడికి అప్పజెప్పాను. నా భార్య అడ్డుపడలేదు. "మీరు వంకాయ తరిగితేనే వేలు తెగుతాది. పోండి. చేప మిమ్మల్ని పట్టకుండా చూసుకోండి" అని మాత్రం అంది.

కార్తీకంలో దీవి చేరాను. ఎట్లా చేరానంటే, పుట్టిలో. వెదురు తడికకు తారు పూసిన పెద్ద గుండ్రటి బుట్ట అది. ముందూ లేదు, వెనకా లేదు. దాన్ని నడిపే ఆయమ్మకు నలభై ఐదేళ్ళుంటాయి. నీళ్ళ మధ్యకు వచ్చాక, మనిషికి ఇంతా, సంచికి ఇంతా అంటే ఎక్కువ కదా అని మొదలుపెట్టాను. ఆయమ్మ తెడ్డు ఎత్తి ఒళ్ళో పెట్టుకుంది. పుట్టి తనంతట తాను తిరగడం మొదలుపెట్టింది. కట్ట ఒకసారి, తిప్ప ఒకసారి, కొండ ఒకసారి నా ముందుకు వచ్చి పోయాయి. నాలుగు చుట్లు తిరిగాక నేను బుట్ట అంచు రెండు చేతులా పట్టుకున్నాను.

"నీళ్ళ మీద బేరం ల్యా అన్నా," అంది ఆయమ్మ. "ఏమడిగినా నేల మీద అడగల్ల. ఈడ మనం చెప్పేది ఏమీ లే, నీళ్ళు చెప్పేదే."

అది పుట్టి నడిపేవాళ్ళ కట్టుబాటు. పుట్టి ఎక్కాక కిరాయి గురించి గానీ, చేపల్లో ఎవరి పాలు ఎంతన్న దాని గురించి గానీ, వల ఎక్కడ వేయాలన్న దాని గురించి గానీ వాదన ఉండదు. తెడ్డు పట్టినవాళ్ళ మాటే మాట. ఆయమ్మ అడిగిన కిరాయి ఇచ్చి దిగాను. బేరమాడకుండా డబ్బిచ్చింది నా జీవితంలో అదే మొదటిసారేమో. అరచెయ్యి దురద పెట్టింది.

ఆయమ్మ ఇబ్బంది నాకు రెండు రోజులకు తెలిసింది. భర్త దీపావళి ముందు బైకు మీద నుంచి పడి భుజం విరగ్గొట్టుకున్నాడు. రాడ్డు వేశారు. పుట్టిలో ఒకరు తెడ్డు వేస్తే ఒకరు వల లాగాలి. ఆ నీళ్ళలో చేపలు పట్టడానికి చేపలవాళ్ళ సంఘం అనుమతి ఉండాలి. పుట్టికి ఇద్దరి పేర్లు సంఘం పుస్తకంలో ఉండాలి. పైగా శ్రావణం ముగిసేలోగా ఇన్ని క్వింటాళ్ళు కాటాకు ఎక్కించకపోతే మరుసటి ఏడు ఆ అనుమతి వేరే వాళ్ళకు పోతుంది. అది పోతే, ఇక ఆయమ్మ గంప ఎత్తుకుని ఎవరి చేలోనో కూలికి పోవాల్సిందే. ఆయమ్మకు రెండు చేతులు కావాలి. నాకు చేపలు పట్టడం నేర్పేవాళ్ళు కావాలి. ఇంతకంటే మంచి బేరం యాడ దొరుకుతుంది?

భర్త మంచం మీద కూర్చునే బేరం చేశాడు. ఎద్దుల సంతలో చేసినట్టు, తువ్వాలు కప్పి దాని కింద వేళ్ళు పట్టుకుని. పదిపాళ్ళలో మూడు నీకు అన్నట్టు మంచి చేత్తో నా మూడు వేళ్ళు నొక్కాడు. నేను తల అడ్డంగా ఊపి ఐదు వేళ్ళూ అప్పజెప్పాను. పెళ్ళాం మొహం చూసి, ఐదూ పట్టుకున్నాడు. సగం! తెడ్డు పట్టడం రానివాడికి సగం పాలు! దీవి సగం ధరకు, చేపలు సగం పాలుకు. ఆ వారమంతా నా తెలివికి నేనే మురిసిపోయాను. చాలా నెలల తర్వాత ఆయనే చెప్పాడు నవ్వుతూ. "నువ్వు వారం కూడా ఉండవనుకుంటిమి అన్నా. వారం చేపల్లో సగం పోతే పోయె, పుస్తకంలో పేరైనా ఉంటాది అనుకుంటిమి."

వేట సంగతి చెప్పేస్తాను, చిన్నదే కాబట్టి. కుందుర్పి సంతలో ఒక పిట్టల వల కొని తెచ్చుకున్నాను. తిప్ప మీద కౌజు పిట్టలు ఉండేవి. ఆయమ్మ ఆ వల చూసి, ఫారెస్టు వాళ్ళు పట్టుకుపోతే పుస్తకంలో నా పేరు పక్కన జైలు అని రాసుకోవాలా అని అడిగింది. వలను టమాట మొక్కల మీద కప్పాను. ఆ ఏడాదిన్నరలో నేను వేటాడింది ఎలుకల్ని. శనక్కాయ మూట కోసం మాకు జరిగిన యుద్ధంలో అవే గెలిచాయి.

చేపల పని మాత్రం మెల్లగా వచ్చింది. సాయంత్రం వల వేసి తెల్లవారి లాగుతాం. మొదటి నెలంతా నేను వల కంటే నా చొక్కా గుండీలను ఎక్కువసార్లు విడదీశాను. బొచ్చె ఏదో, రవ్వ ఏదో తెలియదు. జిలేబి చేప ముల్లు గుచ్చుకుంటే మూడు రోజులు వేలు వాచింది. ఆయమ్మ ఒక్కసారి కూడా విసుక్కోలేదు. వల మీద తేలే బెండ్లు ఎట్లా మునిగితే కింద బరువుందో, నీటి మీద నురుగు ఏ వైపు నడిస్తే మర్నాడు ఏమవుతుందో, చెరకు రసం అమ్మేవాడు ధర చెప్పినంత మామూలుగా చెప్పేది. ఆ చదువుకు ఫీజు అడగలేదు. అడిగి ఉంటే బేరమాడేవాణ్ణి, అది వేరే సంగతి.

గాలి గురించి కూడా చెప్పింది. డ్యాం అవతల గుట్ట మీద ఏడు గాలిమరలున్నాయి. పొద్దున లేవగానే వాటిని చూడాలి. మెల్లగా తిరుగుతుంటే పుట్టి దించవచ్చు. రెక్కలు కలిసిపోయి కనిపిస్తే ఆ రోజు గట్టు మీదే.

ఆషాఢం వచ్చింది. మా సీమ ఆషాఢ గాలి సంగతి తెలిసినవాళ్ళకు చెప్పనక్కర్లేదు. బట్టలు ఆరేస్తే పక్క ఊళ్ళో వెతుక్కోవాలి. రెండు రోజులు పుట్టి దించలేదు. వల నీళ్ళలోనే ఉండిపోయింది. ఎక్కించాల్సిన తూకంలో ఇంకా నాలుగోవంతు మిగిలి ఉంది. మూడో రోజు ఆయమ్మ భర్త భుజం చూపించడానికి అనంతపురం పోతూ, గాలి మొదలు కాకముందే తిప్ప చాటున కట్టించిన పుట్టిని తాను వచ్చేదాకా ముట్టవద్దని ఫోన్లో చెప్పింది.

తెల్లవారి లేచి గుట్ట వైపు చూశాను. ఐదు మరలు గట్టిగా తిరుగుతున్నాయి. రెండు కదలడం లేదు. నాలోని అంగడివాడు లేచాడు. ఏడింటిలో రెండు ఆగి ఉన్నాయంటే గాలి తగ్గుముఖం పట్టినట్టే కదా? వలలో చేపలు కుళ్ళిపోతే ఎవరికి నష్టం? ఆయమ్మ తిరిగి వచ్చేసరికి గట్టు మీద చేపలు కుప్ప పోసి ఉంటే ఆ ముఖం ఎట్లా ఉంటుంది? గాలితో బేరం కుదుర్చుకుని పుట్టి ఎక్కాను, ఒక్కణ్ణే.

వల దాకా పోవడం సులభమే అయింది. గాలే తీసుకుపోయింది. లాగడం మొదలుపెట్టాక తెలిసింది. తెడ్డు వేస్తే వల వదలాలి, వల పడితే పుట్టి తిరుగుతుంది. వల నిండా బరువుంది. అల లోపలికి వస్తోంది. కోసేయమని చేతిలో కత్తి ఉంది. వల ఖరీదు నోట్లో లెక్క వేసుకుంటున్నాను. ఇంకో రెండు నిమిషాలు చూద్దాం, ఇంకొక్క నిమిషం. నీళ్ళు మోకాళ్ళ దాకా వచ్చాక గానీ కోయలేదు. అప్పటికి వలా పోయింది, చేపలూ పోయాయి, ఫోనూ పోయింది. గాలి నన్ను అవతలి గట్టుకు చేర్చి, చిల్లకంప ముళ్ళపొదలో దిగబెట్టింది. ఆయమ్మ తరఫు వాళ్ళు వచ్చి పుట్టిని, నన్ను, ఆ వరుసలోనే తీసుకుపోయారు.

మధ్యాహ్నానికి భార్యాభర్తలిద్దరూ బస్సు దిగి వచ్చారు. ఎవరో ముందే చెప్పేశారు. నేను తిట్లకు సిద్ధంగా, కట్ట మీద తడి లుంగీతో నిలబడి, రెండు మరలు తిరగడం లేదు కాబట్టి అని నా సంజాయిషీ మొదలుపెట్టాను.

"ఆ రెండూ చెడిపోయి రెండేండ్లాయె అన్నా," అంది ఆయమ్మ.

పోయి పుట్టిని తడిమి చూసుకుంది. తడిక చిట్లలేదని తెలిశాక కింద కూర్చుంది. నాకు అంతకంటే తిట్లే నయమనిపించింది. కొత్త వలకు అయ్యే డబ్బు రేపే తెస్తానన్నాను. ఎంతయినా సరే అని కూడా అన్నాను. ఆ మాట నా నోట్లో నుంచి రావడం విని నేనే ఉలిక్కిపడ్డాను.

"దుడ్లు తెచ్చి కాటా మీద పెడ్తావా? కాటాకు చేప కావల్ల. కొత్త వల బళ్ళారి నుంచి వచ్చి, దారం కట్టి, బెండ్లు కట్టేలోపల శ్రావణం పోతాది. ఇంట్లో పాత వలలు ఉండాయి, చినిగిపోయినవి. చేతులు ఉంటే అయితాది."

"ఉన్నాయి తల్లీ," అన్నాను, రెండు చేతులూ చూపించి.

"సగం పాలు?"

"వద్దు. శ్రావణం దాకా ఏమీ వద్దు."

ఆయన మంచి చేత్తో తువ్వాలు తీయబోయాడు. అక్కర్లేదన్నాను.

తర్వాతి ఇరవై రోజులే, నన్నడిగితే, నేను నిజంగా దీవిలో ఉన్న రోజులు. గాలి ఎక్కువున్న పూట ముగ్గురం కొట్టం నీడలో కూర్చుని పాత వలలు అతికేవాళ్ళం. ఆయన ఒక చేత్తో దారం పట్టేవాడు, నేను ముడి వేసేవాణ్ణి. అంగడిలో పొట్లాలకు పురికొస చుట్టిన వేళ్ళు కదా, ఆ ముడి నాకు రెండో రోజే పట్టుబడింది. ఈ ఒక్క పనికైనా పనికొచ్చినావు అని ఆయన మెచ్చుకున్నాడు. బ్యాంకు మేనేజరు మెచ్చుకున్నా నేను అంత సంతోషపడలేదు. ఒక ఆదివారం నా భార్య కూడా వచ్చింది. చేప ముట్టలేదు. రాగిసంగటి, శనక్కాయల పచ్చడి తిని, వల ముందు కూర్చుని, నేను వేసిన ముళ్ళలో నాలుగు విప్పి మళ్ళీ వేసింది. సాయంత్రం పుట్టి ఎక్కేటప్పుడు ఆయమ్మతో, ఈ మనిషి ముప్పై ఏళ్ళలో ఇంత మాట తక్కువగా ఉండడం చూడలేదు, ఏం మందు పెట్టినావని అడిగింది.

శ్రావణం చివరి వారం గాలి పడిపోయింది. నాలుగు రోజులు వరుసగా బొచ్చెలు పడ్డాయి. కాటా దగ్గర గుమాస్తా తూకం మొత్తం వేసి, కావాల్సిన దానికి పద్దెనిమిది కిలోలు ఎక్కువే ఉందని చెప్పాడు. ఆయమ్మ ఆ పద్దెనిమిది కిలోల్లో నుంచి ఒక చేప తీసి నా చేతిలో పెట్టింది. అంత రుచైన చేప బళ్ళారిలో లేదు.

ఆ ఏడు వాన రాలేదు. మరుసటి వేసవికి నీళ్ళు తూము మెట్లు ఒక్కొక్కటే దిగి, ఒక పొద్దున నా దీవికి మేకలు నడిచి వచ్చాయి. వాటి వెనక, ఎండిన బురద మీద బైకు వేసుకుని, తిప్ప అమ్మిన పెద్దాయన వచ్చాడు. మంచినీళ్ళు తాగి చుట్టూ చూశాడు.

"నీళ్ళు లేనప్పుడు చూపించింటే పావు ధరకు అడిగేటోనివి గదప్పా," అన్నాడు.

నిజమే అన్నాను.

ఆయమ్మ భర్త భుజం కుదిరింది. అనుమతి వాళ్ళ పేరునే ఉంది, కానీ నీళ్ళు లేవు కాబట్టి, నీళ్ళున్న ఇంకో చెరువుకు పుట్టిని ట్రాక్టరు మీద వేసుకుని పోతున్నారు. పోయే రోజు కట్ట కింద నిలబడి, ఇప్పుడు నేల మీద ఉన్నాం కదా, ఆ వల ధర చెప్పమ్మా అన్నాను. ఆయమ్మ తెడ్డును తాడుతో కడుతూ నవ్వింది.

"బేరం కుదరలే అనుకో అన్నా. మళ్ళీ నీళ్ళొచ్చినప్పుడు చూస్తాం లే."

నేను తిరిగి అంగడిలో కూర్చుంటున్నాను. అడిగేవాళ్ళు అడుగుతూనే ఉన్నారు కాబట్టి లెక్క ఇక్కడే తేలుస్తాను, దొంగలెక్క లేకుండా. దీవి: సగం ధరకు కొన్నదే, పావు ధర చేస్తుంది. ఫోను ఒకటి, శనక్కాయ మూట ఒకటి, పన్నెండు కిలోల ఒళ్ళు పోయాయి, ఒళ్ళు పోయినందుకు చింత లేదు. వచ్చినవి: ఒక ముడి, గాలి చూసే కన్ను, ఇంట్లో సోంపు నమలకుండా మాట్లాడే ధైర్యం. ఇవ్వాల్సింది: ఒక వల. ఆమె తీసుకోనంది. ఆ బాకీ నా పేరు మీదే ఉంది.