మిర్చి తోటలో వినబడని గొంతు

ప్యూరిటన్ల పాఠం చెప్పేటప్పుడు నా చేతిలో చాక్‌పీసులు విరుగుతాయి. జనగామ డిగ్రీ కాలేజీలో మా పిల్లలకు అది అలవాటైపోయింది. ఇంగ్లండు నుంచి ఓడెక్కి అమెరికా చేరిన ఆ భక్తులు నాటకాలు వద్దన్నారు, పండగలు వద్దన్నారు, రోజూ డైరీల్లో తమ మనసును తామే సోదా చేసుకున్నారు. అమెరికా సాహిత్యంలో ‘నేను’ అనే మాట ఆ రాతల్లోనే బలపడిందని చెబుతుంటే ఒకమ్మాయి లేచి, "మేడం, అసలు గాళ్ళు నవ్వుతుండెనా?" అని అడిగింది. "నవ్వెటోళ్ళు. నవ్వినందుకు ఏడ్చినమని డైరీల రాసుకునెటోళ్ళు" అన్నాను. క్లాసంతా నవ్వింది. నాకు మాత్రం తర్వాతి పేజీ మీదే గుబులు.

ఆ పేజీలో సాక్ష్యం ఉంది. వాళ్ళ సంఘంలో చేరాలంటే అందరి ముందూ నిలబడి, దేవుడు తనను ఎప్పుడు, ఎట్లా తాకాడో చెప్పాలి. చెప్పి మెప్పించిన వాళ్ళకే ప్రభువు బల్ల దగ్గర, క్రీస్తు శరీరానికి గుర్తుగా పంచే రొట్టె. పిల్లల తరం వచ్చేసరికి చాలామందికి చెప్పుకోవడానికి ఏమీ లేకపోయింది. పెద్దలు తల పట్టుకుని చివరికి సగం తలుపు తెరిచారు. మీ పిల్లలకు బాప్తిస్మం ఇస్తాం, రొట్టె మాత్రం ఇవ్వం అన్నారు.

దంతాలపల్లి దగ్గర మా ఊళ్ళో, రేకుల కప్పు వేసిన మా ప్రార్థన మందిరంలో ఇప్పటికీ సాక్ష్యం చెప్పనిదే బాప్తిస్మం లేదు, రొట్టె లేదు. ఆ మందిరానికి పెద్ద మా నాయిన. మా ఇంట్లో సినిమా లేదు, పూలు లేవు, గాజులు లేవు. తాగుడు మానినవాళ్ళకూ, దవాఖాన నుంచి బతికి వచ్చినవాళ్ళకూ చెప్పుకోవడానికి బోలెడుంటుంది. పదహారేళ్ళ నాకేముంది? అందుకే కల్పించాను. ఒక రోజు మిర్చి తోటలో కాయ ఏరుతుంటే ఎవరో పేరు పెట్టి పిలిచారని, తిరిగి చూస్తే ఎవరూ లేరని చెప్పాను. నిజానికి ఆ రోజు నేను తోటకే పోలేదు. కడుపునొప్పని మంచమెక్కి వారపత్రికలో సీరియల్ చదువుకున్నాను. అవ్వలంతా కళ్ళు తుడుచుకున్నారు. నాయిన నా తల మీద చేయి పెట్టాడు.  ఆ చేయి తల మీద పడ్డాక నిజం చెప్పే ధైర్యం నాకు మళ్ళీ రాలేదు.

నాయిన ఆ కథను మహబూబాబాద్ నుంచి చిట్యాల దాకా ప్రతి ప్రార్థన కూడికలోనూ చెప్పాడు.

మొన్న వేసవిలో నా బిడ్డ వంతు వచ్చింది. ఆదివారం దాని సాక్ష్యం. వారం ముందు నుంచే సరిగా తినలేదు. శనివారం పొద్దున ఊరికి పోయే బస్సులో ఉన్నట్టుండి నా చేయి పట్టుకుంది.

"అమ్మా, నిన్నైతే పేరు వెట్టి పిలిచిండు. నేను మూడేండ్ల సంది ఇంటున్న. నాకేం వినిపిస్తలేదు. దేవుడు నన్ను వద్దనుకున్నడా?"

 అక్కడే, బస్సులోనే, జరిగింది జరిగినట్టు చెప్పేశాను. అది చేయి విడిపించుకుంది. దంతాలపల్లి దాకా కిటికీలోంచి బయటికి చూసి, దిగేముందు ఒక్క మాట అంది.

"మరి గిన్ని దినాలు నన్నెందుకు విననిచ్చినవ్?"



ఆదివారం అది లేచి నిలబడింది. "నాకేం వినిపించలే తాతా. అబద్ధం చెప్పబుద్ధయితలేదు" అంది. మందిరమంతా గుసగుసలు. నాయిన కోప్పడలేదు. "జర ఆగుదాం బిడ్డా, ఒక ఏడాది సూద్దాం" అని వెనక చాప చూపించాడు. రొట్టె లేనివాళ్ళు కూర్చునే చాప అది. నేను ముందు వరసలోనే ఉన్నాను, నా మీద నాకే అసహ్యం పుడుతోంది. రొట్టె పళ్ళెం కదలగానే ఇక కూర్చోలేకపోయాను. లేచి వెనక్కి నడిచాను. నా బిడ్డ పక్కకు జరిగి చోటిచ్చింది.

నాయిన నా కోసం పళ్ళెంతో అక్కడిదాకా వచ్చాడు. "తీస్కో బిడ్డా" అన్నాడు.

"నన్ను గూడ ఎవ్వలు పిలువలే నాయినా. నేను ఆ దినం తోటకే పోలే" అన్నాను.

ఆయన పళ్ళెం వెనక్కి తీసుకున్నాడు. మెల్లగా అడిగాడు.

"గా ముచ్చట నేను ఎన్ని ఊర్లల్ల చెప్పిన్నో నీకు ఎరుకేనా?"