మసి పూసిన తాటాకులు

మా పంతులుగారు పోయిన కబురు కొల్లాపూర్‌లో ఉన్న నాకు ఆలస్యంగా అందింది. బండి దొరికి గద్వాల చేరేసరికి కర్మలన్నీ అయిపోయాయి.

నాకు అక్షరాలు నేర్పినాయన. బడిలో చెప్పడం మానేశాక ఆయనకు ఒకటే పని: వందల ఏండ్ల కిందటివాళ్లు మబ్బును, గాలిని, వానను ఎట్లా గమనించారో పాత తాటాకుల్లో వెదకడం. గంటంతో గీసిన అక్షరం ఊరికే కనిపించదు. నూనెలో కలిపిన దీపం మసి రాసి తుడిస్తే గీతల్లో నలుపు నిలుస్తుంది. అందుకే ఆయన వేళ్లు ఎప్పుడూ నల్లగా ఉండేవి. "మీ పంతులు మసిపూసి మారేడుకాయ చేస్తుండు" అని ఆయన భార్య, నేను అమ్మ అని పిలిచే ఆమె, నవ్వేది.

ఒకసారి వీపనగండ్లకు నన్నూ తీసుకుపోయారు. అక్కడొక ఇంట్లో ఎర్రగుడ్డ చుట్టిన ఆకుల కట్టకు దసరాకు పసుపు కుంకుమ పెట్టి మొక్కుతారు గానీ ఎవరూ విప్పరు.

"విప్పితే పాపం తగుల్తదయ్యా" అన్నది ఇంటి ముసలమ్మ.

ఈయన గడపలోనే కూర్చుండిపోయారు. "మొక్కు తల్లీ, వద్దంటలేను. జర చదివి మొక్కుదాం."

పొద్దు వాలేసరికి ఆమె మనసు కరిగింది. "మా తర్వాత ఎట్లన్న ఏటి నీళ్లల్లనే కలుపుతరు. నువ్వే తీస్కపో" అంది.

ఆ కట్టలో ఎవరో పూర్వీకుడు ఏటా తొలిమబ్బు ఎటు లేచిందో, ఏ గాలికి వాన తప్పిందో రాసిపెట్టాడు. పంతులుగారు మిద్దెక్కి ఆ రాతను ఆకాశంతో సరిచూసేవారు. "పెద్దలు చెప్పిన్రని నమ్మకు, పైకి చూసి నమ్ము" అనేవారు. నకలు రాద్దామంటే యుద్ధం వచ్చి కాగితం కరువైంది. "తొందరేంది, ఆకు యాడికి పోతది?" అన్నారు.

పోయింది. ఆయన అన్నగారే ఎంతో తృప్తిగా నాకు చెప్పారు: "అస్థికలతోని తాటాకులన్నీ కృష్ణల కలిపినం నాయనా. ఎవరి కాలన్న తగిల్తే దోషం గద!"

ఎవరిని తిట్టను? భక్తితోనే చేశారు. ఆయన జీవితమంతా ఏ నీళ్లకు అడ్డంపడ్డారో, ఆ నీళ్లకే ఆయన పేరున అర్పించారు. ఆ పూర్వీకుడు చూసిన మబ్బులను ఇక ఎవరూ చూడలేరు.

"గట్టు మీద కూసొని చూసిన బిడ్డా" అంది అమ్మ. "కొత్తగ పూసిన మసి నీళ్లల్ల కారింది. ఆయన చేతులు కడుక్కుంటున్నట్టే అనిపించింది."

అరుగు మీద మసి మూకుడు అట్లాగే ఉంది. అందులో నూనె ఇంకా ఆరలేదు.