సరోజక్క కోసం బాపు మార్చిన షాకబ్జర్లు

నేను ఏడో తరగతిలో ఉన్న ఎండాకాలం... ఓ ఆదివారం పొద్దున్నే మా బాపు మానుకోట ఇంటి వాకిట్లో చిన్న కారును జాకీతో ఎత్తి, కింద కట్టె మొద్దులు పెట్టి, ముందు చక్రాలు రెండూ ఊడదీశాడు.

మహబూబాబాద్‌ను మేమంతా మానుకోట అనే పిలిచేవాళ్లం. బాపుది వడ్ల వ్యాపారం. ఆ కారు ఎవరో వాడి అమ్మేస్తే కొన్నాడు. దాని ముందు చక్రాల దగ్గర కుదుపులు ఆపే షాకబ్జర్లు ఎప్పుడో పాడయ్యాయి... నూనె కారిపోయి, చిన్న గుంతలో దిగినా బండి పడవలా ఊగేది. నాకది ఆటే. వెనక సీట్లో ఎగిరెగిరి పడి నవ్వుకునేదాన్ని.

బాపుకు ఆ రోజు అది ఆట కాదు.

మరిపెడలో, అత్తగారింట్లో, మా సరోజక్క నిండు కడుపుతో ఉంది. అంతకుముందు రెండుసార్లు కడుపు నిలవలేదు. ఒకసారైతే బస్సులో మా ఇంటికి వస్తుండగానే... రోడ్డంతా కంకర తేలి ఉండేది. బస్సు కుదుపులకే పోయిందని అందరూ అన్నారు. బాపు అదే నమ్మాడు. ఈసారి అక్కను కాన్పుకు కారులోనే తీసుకురావాలని వరంగల్ పోయి కొత్త షాకబ్జర్లు తెచ్చాడు.

"మెకానిక్‌కు ఇయ్యరాదు?" అంది అమ్మ.

"నా బిడ్డ కూసునే బండి. నేనే చేస్త," అన్నాడు బాపు.

కింది బోల్టు తుప్పుపట్టి కదల్లేదు. కిరసనాయిలు పోసి నానబెట్టాడు... సుత్తితో తట్టాడు... పానా జారి వేళ్ల చర్మం లేచిపోయింది. అమ్మ పసుపు తెచ్చి అద్దింది. చివరికి పాతది ఊడివచ్చింది. బాపు దాన్ని చేత్తో నొక్కితే సైకిలు పంపులా సర్రున లోపలికి పోయింది. కొత్తది నొక్కితే గట్టిగా ఎదురు తన్ని, మెల్లగా కదిలింది. బానెట్ కింద పై నట్టు, చక్రం దగ్గర కింది బోల్టు బిగించి, రెండో వైపు కూడా అట్లాగే మార్చేసరికి పొద్దు వాలింది.

చెంబు నిండా నీళ్లు పోసి అమ్మను ముందు సీట్లో కూర్చోమన్నాడు.

"చెంబెందుకు?"

"ఒళ్లె పెట్టుకో. చెప్త."

రైల్వే స్టేషన్ దాకా పోయి వచ్చారు. అమ్మ దిగి చీర కుచ్చిళ్లు చూపించింది. "చుక్క పడలే," అంది. బాపు ఆ రోజు మొదటిసారి నవ్వాడు.

మర్నాడు మరిపెడ పోయాం. వెనక సీటు మీద అమ్మ బొంత పరిచింది. వచ్చేటప్పుడు అక్క దారి పొడుగునా పడుకునే ఉంది. ఇంటి ముందు ఆపితే కళ్లు తెరిచి, "గప్పుడే మానుకోట వచ్చిందా బాపూ?" అంది. ఆ మాటను బాపు ఎంతమందికి చెప్పుకున్నాడో...

నెలలు నిండాక అక్కకు నొప్పులొచ్చాయి. బాపు కారులోనే దవాఖానకు తీసుకుపోయాడు. ఆడపిల్ల పుట్టింది... ఏడవలేదు.

డాక్టరమ్మ బయటికి రాగానే బాపు అడిగింది ఒక్కటే. "తొవ్వల కుదుపుతోని గిట్ల అయిందా అమ్మా?"

"కుదుపుతోని కాదయ్యా. పేగు మెడకు చుట్టుకున్నది," అందామె.

బాపు బయటికి పోయి కారు వెనక సీటు మీద బొంత సరిచేశాడు.

ఇంటికి తెచ్చేటప్పుడు పాపను తెల్ల తువ్వాలలో చుట్టి అక్క తన ఒళ్లోనే పెట్టుకుంది. ఎవరు అడిగినా ఇవ్వలేదు. పక్కన అమ్మ, ముందు నేను. బాపు ప్రతి గుంతనూ తప్పిస్తూ, నడిచే మనిషికన్నా నెమ్మదిగా పోనిస్తున్నాడు.

"ఇగ మెల్లగెందుకు బాపూ... జల్ది పోనియ్యి," అంది అక్క.

బాపు వేగం పెంచలేదు. నిద్రపోతున్న పసిపిల్లను ఇంటికి తెచ్చినట్టే తెచ్చాడు.

తర్వాత అక్కకు పిల్లలు కలగలేదు. "సరోజకు పిల్లల్లేరు" అని చుట్టాలు మామూలుగా అనేవాళ్లు. మేమూ ఆ పాప మాట ఎత్తేవాళ్లం కాదు... ఎత్తితే అక్క ఏడుస్తుందని.

బాపు పోయి చాలా ఏళ్లయింది. మొన్న అక్క మా ఇంటికొచ్చి, బియ్యం ఏరుతూ ఉన్నట్టుండి అంది...

"నా బిడ్డ పేరు వసంత. ఆ దినం మరిపెడకెల్లి కార్ల పండుకొని వస్తుంటే, ఆడపిల్లయితే ఆ పేరే అనుకున్న. బాపు ఒక్కనికే చెప్పిన."

"బాపు ఏమన్నడే?"

"మన్ను కప్పేటప్పుడు వసంతా అని పిలిచిండట. ఇంటికొచ్చి నా చెవుల చెప్పిండు."

బియ్యం చేటలోనే ఉండిపోయింది.

ఇప్పుడు మరిపెడ రోడ్డు నున్నగా ఉంది. కడుపులో ఉన్న బిడ్డనే స్కానింగ్ ఫోటోలో చూసి మురిసిపోతున్నారు... కానీ పుట్టీ ఏడవని పిల్లల గురించి ఇప్పటికీ ఇళ్లల్లో ఎవరూ మాట్లాడరు. మీ ఇంట్లోనూ అట్లాంటి బిడ్డ ఉంటే, తల్లి మనసులో ఏ పేరు పెట్టుకుందో ఒక్కసారి అడగండి. రాయాలనిపిస్తే ఇక్కడ రాయండి... మా అక్కకు చదివి వినిపిస్తాను.