పిల్లి ఎక్కిన మంచం

ఈ మధ్యాహ్నం నుంచి మా ముందుగదిలోకి వెళ్లాలంటే ఏదోలా ఉంది.

అత్తమ్మ పోయాక, దినాలప్పుడే ఆమె మంచం దానమిచ్చేశాం. అప్పటి నుంచి ఆ మూల ఖాళీ. ఇవాళ మంథని నుంచి మా ఆడబిడ్డ వచ్చింది. నేనాడే పిల్లి ఆటను తనూ కొత్తగా ఫోనులో వేసుకుందట. కెమెరా తిప్పితే, తెర మీద పిల్లి మన గదిలోనే నడుస్తున్నట్టు కనిపించే ఆట. తను ఆ మూలకు ఫోను పట్టగానే పిల్లి ఎగిరి గాలిలో కూర్చుంది. సరిగ్గా మంచమెత్తున.

"వదినె, గిది అవ్వ మంచమెక్కింది" అంది ఆడబిడ్డ మెల్లగా.

"మంచం ఏడున్నది?" అంటూనే నా ఫోనులో సెట్టింగులు తీశాను. ఆట వేసుకున్న రోజు, అడిగినవాటన్నిటికీ 'అనుమతించు' నొక్కుతూ పోయాను. అందులో ఒకటి, నేను కెమెరాతో చూపిన గది రూపాన్ని ఆ ఆట ఆడేవాళ్లందరికీ పంచడానికట. నేను చూపినప్పుడు అత్తమ్మ ఆ మంచం మీద నిద్రపోతోంది.

పిల్లి అంచు వెంటే నడిచింది. మనిషి పడుకున్నంత చోటు వదిలి, కాళ్ల దగ్గర ముడుచుకుంది.

ఆ గది రూపాన్ని చెరిపేద్దామని వేలు పెట్టాను. ఆడబిడ్డ చెయ్యి పట్టుకుంది.

"జర ఆగు వదినె. నిద్రల ఉన్నది."

ఇంకా చెరపలేదు. మంచం ఎవరికిచ్చామో మాకు తెలుసు. నిద్రపోతున్న అత్తమ్మను ముక్కూమొహం తెలియనివాళ్లెందరికి ఇచ్చానో తెలియదు. మీరైతే చెరిపేస్తారా?