వీధివైపు చెప్పులు

ఆటోనగర్లో లేతు మిషను నడిపే వీరేంద్రకు కూర్చున్నా మోకాలు ఊపడం ఆగదు. ఎవరింటికెళ్లినా చెప్పులు వీధివైపు తిప్పి విడుస్తాడు. చిన్నప్పుడు, తాగొచ్చిన తండ్రి అన్నం కంచం విసరగానే, వాటిలో కాళ్లు దూర్చి పారిపోవడానికి చేసుకున్న ఏర్పాటది. మొన్న ఆదివారం గాజువాకలో ఇంటిల్లిపాదీ మ్యాట్నీకి వెళ్తే, తెరమీద ఓ తండ్రి కంచం విసిరాడు. వీరేంద్ర దిగ్గున లేచి నిలబడ్డాడు.

"కూకో, సినిమాయే కదేటి?" అంటూ భార్య రాధ చొక్కా పట్టి లాగింది.

"నాను బయటుంటాను," అని వెళ్లిపోయాడు.

ఇంటికొచ్చాక చూస్తే, గుమ్మం దగ్గర ఐదేళ్ల కూతురు తన చిట్టి చెప్పులు వీధివైపు తిప్పి పెడుతోంది. వీరేంద్రకు ముద్దొచ్చింది.

"నాలాగే సేత్తన్నావేటమ్మా?"

"కాదు నాన్నా. నువ్వు మళ్లీ కంచం ఇసిరితే పరిగెట్టడానికి. అమ్మ సెప్పింది."