నా గొంతుతో వెళ్లిన ఫోన్

నా కింది వరుసలో రెండు పళ్లు లేవు. ఎవరైనా అడిగితే బాత్రూములో జారిపడ్డానని చెప్తుంటాను. అబద్ధం. హనుమకొండలో నేను పనిచేసిన ప్రైవేటు దవాఖాన మెట్ల మీద, మిట్టమధ్యాహ్నం, పదిమంది చూస్తుండగా ఊడిపోయాయి. కొట్టినవాళ్ల మీద నాకు కోపం లేదు. ఎవరి మీద ఉందో చెప్పడానికే ఇదంతా రాస్తున్నాను. అందులో పెద్ద వాటా నా మీదే.

నేను టెలిఫోన్ ఆపరేటర్ని. పందొమ్మిదేళ్లు ఒకటే కుర్చీ. రిసెప్షన్ వెనక చిన్న అద్దాల గది, గోడకు బిగించిన ఎక్స్ఛేంజి పెట్టె, నా ముందు వరసగా బటన్లున్న ఫోను. బయటి నుంచి ఏ ఫోన్ వచ్చినా ముందు నేనే ఎత్తాలి, వార్డుకో డాక్టరుకో కలపాలి. చుట్టుపక్కల ఊళ్లలో నా మొహం తెలిసినవాళ్లు తక్కువ, నా గొంతు తెలియనివాళ్లు ఇంకా తక్కువ. బస్సులో టికెట్ అడిగితే చాలు, ముందు సీట్లో ముసలమ్మ వెనక్కి తిరిగి, "నువ్వు దవాఖాన ఫోన్ల మాట్లాడే బిడ్డవు గదా" అనేది. నాకు గర్వంగా ఉండేది. ఎందుకుండదు?

ఆ కుర్చీకి ఒక పద్ధతి ఉంది. ఎవరూ రాసిపెట్టలేదు, నాకంటే ముందు పనిచేసిన ఆవిడ నేర్పి వెళ్లింది. పేషెంట్ పోతే ఆ మాట ఫోన్లో అనకూడదు. ముందు, "ఇంట్ల పెద్దోళ్లు ఎవలన్న ఉన్నరా అమ్మా, జర ఫోనియ్యి" అనాలి. పెద్దమనిషి లైన్లోకి వచ్చాక, "జర సీరియస్ గున్నది. ఇద్దరు ముగ్గురు కలిసి రాండ్రి. ఇంటామెనొక్కదాన్నే తోలకుండ్రి" అనాలి. అంతే. అవతలివాళ్లకు అర్థమయ్యేది. దారి పొడుగునా ఆటోలో సగం ఏడ్చేవాళ్లు. గేటు దగ్గర దిగేసరికి కాళ్లలో బలం ఉండేది కాదు, చేతుల్లో కోపం ఉండేది కాదు. మా అందరి తలకాయలూ క్షేమంగా ఉన్నాయంటే ఆ రెండు ముక్కల పుణ్యమే.

తర్వాత హైదరాబాదు నుంచి ఒకతను వచ్చాడు. మెడలో కార్డు, చేతిలో ల్యాప్‌టాప్. మీటింగు హాల్లో గోడ మీద ప్రపంచ పటం వేశాడు. అమెరికా, యూరప్, సింగపూర్, అన్నీ నీలం రంగులో వెలిగాయి. "ప్రపంచమంతా పెట్టెలు తీసేస్తున్నరు సార్. ఇప్పుడంతా క్లౌడ్. ఫోన్ సిస్టం కొనుడు కాదు, నెలకింతని కిరాయికి తీస్కునుడు. ట్రెండ్ గట్లున్నది, మనమెందుకు ఆగాలె?" అన్నాడు. మా పెద్ద డాక్టరు తల ఊపాడు. నాకు ఒళ్లు మండింది. ప్రపంచం మారితే మారనీ, మా ఐసీయూ ముందు చెప్పుల కుప్ప మారిందా? లోపల మనిషి కోసం బయట నేల మీద పడుకునేవాళ్లు మారారా?

నోరు ఊరుకోక అడిగేశాను. "మా పెట్టెకేమైంది? పనిచేస్తనే ఉన్నది గదా."

"దాన్ని చేసిన కంపెనీయే గసొంటివి చేసుడు బంద్ వెట్టింది మేడం. రేపు లోపలి కార్డు ఒకటి పోతే ప్రపంచంల యేడ దొర్కది" అన్నాడు. ఎక్కడో సముద్రాల అవతల ఫ్యాక్టరీ మూసేస్తే హనుమకొండలో నా కుర్చీ పోయింది.

పోయేముందు వాళ్లు నాతో ఒక పని చేయించుకున్నారు. "మీ వాయిస్ అందరికీ అలవాటు. రికార్డింగ్ మీరే చెప్పున్రి" అన్నాడతను. పొగిడితే పొంగిపోయే జబ్బు నాకు మొదటి నుంచీ ఉంది. ఒక మధ్యాహ్నమంతా ఏసీ గదిలో కూర్చొని అరవై వాక్యాలు చదివాను. "నవ్వుతూ చెప్పున్రి మేడం, నవ్వు ఫోన్ల వినిపిస్తది" అన్నాడు. నవ్వాను. కాగితం మీద సంతకం పెట్టమంటే పెట్టాను. మర్నాటి నుంచి నన్ను విజిటర్ పాసులు రాసే బల్ల దగ్గర కూర్చోబెట్టారు. ఫోన్లన్నీ నా గొంతే ఎత్తేది. నేను మాత్రం అవసరం లేదు.

కొత్త సిస్టంలో ఒక ఏర్పాటుంది. వార్డులో ఏ మంచం ఖాళీ అయిందని కంప్యూటర్లో నొక్కినా, పేషెంటును వచ్చి తీసుకెళ్లండని వాళ్ల ఇంటికి నా గొంతుతో దానంతటదే ఫోన్ వెళ్తుంది. మనిషి పోతే మాత్రం ముందు వేరే బటన్ నొక్కి ఆ ఫోన్ ఆపాలి. ట్రైనింగులో చెప్పారు. ఎవరు గుర్తుపెట్టుకున్నారో దేవుడికే తెలియాలి.

ఆ రోజు రెండో అంతస్తులో ఒక మరమగ్గాల కార్మికుడు పోయాడు. నలభై ఏళ్లుంటాయేమో. ఊపిరితిత్తుల జబ్బు. తోడున్న తమ్ముడు రక్తం తేవడానికి బ్లడ్ బ్యాంకుకు వెళ్లాడు. భార్య స్నానం చేసి వస్తానని ఇంటికి వెళ్లింది. సరిగ్గా ఆ సందులోనే ప్రాణం పోయింది. కింద క్యాజువాలిటీలో యాక్సిడెంటు కేసు స్ట్రెచర్ మీద రక్తం కారుతూ ఎదురుచూస్తోంది, పైన ఒక్క మంచం లేదు. డ్యూటీలో ఉన్న నర్సు, మేడారం వైపు పల్లె నుంచి వచ్చిన ఇరవై మూడేళ్ల పిల్ల, శవాన్ని పక్క గదికి పంపించి గబగబా మంచం ఖాళీ అని నొక్కింది. ఆపే బటన్ మర్చిపోయింది.

గంట తర్వాత ఆ భార్య నా బల్ల ముందుకొచ్చి నిలబడింది. తల దువ్వుకొని బొట్టు పెట్టుకొని వచ్చింది. చేతిలో ప్లాస్టిక్ కవరు, అందులో ఉతికిన లుంగీ, చొక్కా, ఒక కొబ్బరికాయ. బయట రెండు ఆటోల నిండా వాళ్ల వాడకట్టు మనుషులు, ఇంటికి తీసుకుపోదామని వచ్చినవాళ్లు.

"అక్కా, మా ఆయనను ఇంటికి తోలుతాన్రట, ఫోనచ్చింది. మస్తు మంచిగ చెప్పింది ఒకామె, నవ్వుకుంట. దవాఖాన మంచిగున్నదా, ఒకటి నొక్కుమన్నది. నొక్కిన. యేడికి పోవాలె?"

అప్పటికే నాకు పైనుంచి కబురు తెలుసు. నేను నోరు విప్పితే ఆ నవ్వినామె ఎవరో ఆమెకు ఆ క్షణమే తెలిసిపోతుంది. పందొమ్మిదేళ్లు నేను పాటించిన పద్ధతి ఏమంది? ఇంటామెనొక్కదాన్నే పంపొద్దు అంది. నేనేం చేశాను? పాసు రాసి చేతికిచ్చి, వేలితో పైకి చూపించాను. ఆమె చెప్పులు చప్పుడు చేసుకుంటూ మెట్లెక్కి వెళ్లిపోయింది.

అరుపు వినిపించడానికి ఎంతోసేపు పట్టలేదు. అది ఏడుపు కాదు, గొంతు కోస్తే వచ్చే చప్పుడు. ఆటోల్లో ఉన్నవాళ్లంతా ఒక్క ఉదుటున లోపలికి వచ్చారు. అప్పుడే రక్తం డబ్బా పట్టుకుని వచ్చిన తమ్ముడు, ఫోన్ సంగతి వాళ్ల నోట విని, వాళ్లకు ముందు పరిగెత్తాడు. నేను వాళ్ల వెనకే వెళ్లాను. ఎందుకు వెళ్లానో ఇప్పటికీ తెలియదు.

పైన అద్దాలు పగులుతున్నాయి. మానిటర్ నేలకేసి కొట్టారు, తీగలు పేగుల్లా బయటపడ్డాయి. ఒకడు మందుల ట్రాలీని ఎత్తి గోడకు విసిరాడు. డ్యూటీ డాక్టరు లిఫ్టులో దూరి కిందికి పారిపోయాడు. వార్డులో మిగతా రోగులు సెలైన్ సూదులు పీక్కుని మంచాల కింద దూరారు. నర్సు స్టోరు గదిలోకి పోయి గడియ పెట్టుకుంటే నాలుగు తన్నులకు తలుపు ఊడి లోపలికి పడింది. ఆ పిల్లను జుట్టు పట్టి బయటికి ఈడ్చుకొచ్చారు.

"ఫోన్ జేసింది నువ్వేనా? సచ్చినోన్ని ఇంటికి తోలుతనంటవా? నవ్వుతవా?" తమ్ముడు అరిచాడు.

"నేను చెయ్యలేదన్నా, మీ కాల్మొక్త. మిషిన్ చేసింది."

"మిషిన్ నమస్తే వెడ్తదానే? మిషిన్ నవ్వుతదానే?"

చెంప మీద కాదు, చెవి మీద పడింది ఆ దెబ్బ. పిల్ల తల పక్కకు విరిగినట్టు వాలిపోయింది. రెండో దెబ్బకు చెవిలోంచి రక్తం సన్నగా మెడ మీదికి దిగింది. ఆడవాళ్లు కూడా కలిశారు. పొట్టలో తన్నారు. తెల్ల చీర మోకాళ్ల దాకా చిరిగింది. ఆ తన్నుల మధ్య నుంచి ఆమె నన్ను చూసింది. నేను మెట్ల దగ్గర రెయిలింగు పట్టుకుని నిలబడి ఉన్నాను.

"అక్కా, చెప్పక్కా," అంది.

నేను చెప్పలేదు. చెప్పలేదంటే చెప్పలేదు. దాచి ఏం లాభం? ఆ పిల్ల స్థానంలో నేనుండాలని నాకు తెలుసు. నేను నోరు తెరిస్తే ఆ చేతులన్నీ నా వైపు తిరుగుతాయని కూడా తెలుసు. నా ఇల్లు, నా పిల్లలు, మోకాళ్ల నొప్పి, అన్నీ గుర్తొచ్చాయి. పోలీసులు వస్తారులే అనుకున్నాను. మిషిన్ చేసిందని ఆ పిల్ల చెప్పింది కదా, నమ్ముతారులే అనుకున్నాను. భయం ఎన్ని సాకులు చెప్తుందో నాకు ఆ రోజు తెలిసింది. ఈలోగా వాళ్లు కొడుతూనే ఉన్నారు.

ఒకడు సెలైన్ స్టాండు ఊడబీకి ఇనప కడ్డీ పైకెత్తాడు. తలకు గురిపెట్టాడు. పిల్ల కళ్లు మూసుకుంది. ఇక అది తగిలితే బతకదు. అప్పుడు నాలోంచి వచ్చింది. కేక కాదు, ఏడుపు కాదు. పందొమ్మిదేళ్ల అలవాటు కదా, ఆపరేటరు గొంతే వచ్చింది.

"నమస్కారం. మీ పేషెంట్ ఇంటికి వెళ్లడానికి సిద్ధంగా ఉన్నారు. దయచేసి వచ్చి తీసుకెళ్లండి. మా సేవలు నచ్చితే ఒకటి నొక్కండి."

కడ్డీ గాల్లోనే ఆగింది. అందరూ ఆగిపోయారు. అందరికంటే ముందు ఆ భార్య తల తిప్పింది. శవం ఉన్న గది గడప మీద కూర్చొని ఉంది, కవరు ఇంకా చేతిలోనే ఉంది. నన్ను చూసి, "గీమెనే," అంది. పెద్దగా కూడా అనలేదు. "గీమెనే నవ్వింది."

తర్వాతది నాకు ముక్కలు ముక్కలుగా గుర్తుంది. తమ్ముడి పిడికిలి దవడ మీద పడింది. నోటి నిండా ఉప్పు రుచి. మెట్ల మీద నుంచి దొర్లాను, భుజం ఎముక విరిగిన చప్పుడు నాకే వినిపించింది. ఎవరో చెప్పుతో మొహం మీద కొడుతున్నారు. నొప్పి కంటే ముందు నాకు కలిగింది హాయి. చెప్తే ఎవరూ నమ్మరు. తన్నండి, బాగా తన్నండి అనుకున్నాను. పోలీసులు వచ్చి లాగేదాకా తన్నారు.

సాంకేతిక లోపం అని దవాఖాన కాగితం అంటించింది. ఆపే బటన్‌ను పెద్దగా ఎర్రగా చేశారు, అంతే. సిస్టం అలాగే ఉంది. భుజానికి కట్టుతోనే వెళ్లి నా గొంతు తీసేయమని అడిగాను. హైదరాబాదు అతను ఫోన్లో ఎంతో మర్యాదగా, సంతకం పెట్టారు కదా మేడం, అది కంపెనీది అన్నాడు. నా గొంతు వేరే ఊళ్ల దవాఖానలకు కూడా కిరాయికి వెళ్తోందని చెప్పాడు, సంతోషపడతాననుకున్నాడేమో. ఆ రోజే పని మానేశాను.

నర్సు బతికింది. కుడి చెవికి వినికిడి పోయింది. పోలీసులకు ఇచ్చిన వాంగ్మూలంలో నేను నిలబడి చూశానన్న మాటే లేదు. ఎందుకు చెప్పలేదని అడిగాను. మంచి చెవి నా వైపు తిప్పి, "నువ్వు చెప్పినవు గదక్కా, ఆఖరికి," అంది. ఆ పిల్ల నిజంగా నన్ను మెచ్చుకుంటూనే అంది. నాకు మాత్రం ఆ "ఆఖరికి" అన్న ముక్క చెంపదెబ్బ కంటే గట్టిగా తగిలింది.

ఆ కార్మికుడి పెద్దకర్మ అయ్యాక వరంగల్‌లో వాళ్ల వాడకట్టుకు వెళ్లాను. మగ్గాల చప్పుడులో మాట వినపడదు. తమ్ముడు నన్ను చూసి తల దించుకుని లోపలికి పోయి మోటారు ఆపాడు. ఇంట్లో మగ్గం చప్పుడు ఆగింది. ఆమె చాప పరిచింది, చెంబుతో నీళ్లు పెట్టింది. దారంతా కూడబలుక్కున్న క్షమాపణ నాలుక మీదికి వచ్చింది. "చెల్లే, నేను..." అన్నాను.

ఆమె గబుక్కున వచ్చి అరచేత్తో నా నోరు మూసింది.

"వద్దక్కా. కూసో, నీళ్లు తాగు, అన్నం తిని పో. కని మాట్లాడకు. నీ గొంతు వింటే మా ఆయన ఇంటికస్తాండనిపిస్తది."